యాంటెన్నా పీకినా రిగ్గు కాలింది: పిడుగుకు ఎర్తింగ్, కోయాక్స్ మీద పారే ఆర్ఎఫ్‌కు చోక్

ఏప్రిల్ ఆఖరుకు మా దిక్కు ఎట్లుంటదో అందరికీ ఎరుకే. పొద్దంత నిప్పులు చెరుగుతది, నాలుగు దాటంగనే పడమర దిక్కు మొగులు నల్లగ లేస్తది, గాలి దుమారం, ఐకేపీ సెంటర్ల కాడ వడ్లు ఆరబోసినోళ్లు టార్పాలిన్ల కోసం ఉరుకుతుంటరు, ఆ ఉరుకులాటలనే మొదటి పిడుగు పడ్తది. మా ఇల్లు హనుమకొండ నుంచి కాజీపేట పోయే దిక్కు, మేడ మీద చిన్న రూములో నా హామ్ రేడియో, అంటే లైసెన్సుతోని సరదాకు దూరపోళ్లతోని మాట్లాడే వైర్‌లెస్. ఆ రోజు నేను మస్తు తెలివిగల్లోన్ని అనుకున్న, మొగులు చూసి ముందే యాంటెన్నా కోయాక్స్ (టీవీ కేబుల్ లెక్క గుండ్రటి కేబుల్) పీకి కిటికీ బయట పడేసిన, రిగ్గు (రేడియో సెట్టు) ఆఫ్ చేసిన, కిందికొచ్చి చాయ్ తాగుతున్న. రెండిండ్ల అవతల తాటిచెట్టు మీద పడ్డది. చప్పుడుకు చేతిలో గ్లాసు ఒలికింది, కరెంటు పోయింది.

రాత్రి కరెంటు వచ్చినంక పోయి చూస్తే రిగ్గు మంచిగనే లేచింది, 40 మీటర్ల బ్యాండ్ (7 మెగాహెర్ట్జ్) మీద స్టేషన్లు కూడా ఇనబడుతున్నయి, హమ్మయ్య అనుకున్న. కానీ కంప్యూటర్‌కు రిగ్గు కనబడ్తలేదు. కంప్యూటర్ లాన్ పోర్టు చచ్చింది, వైఫై రూటర్ సగం చచ్చింది, ఇగ రిగ్గు పై మూత ఇప్పి చూస్తే యూఎస్‌బీ సాకెట్ ఎనక ఉన్న చిన్న ఐసీ నడుమ మెంతిగింజంత గుంత, చుట్టూ నల్లటి మసి, కాలిన వాసన ఇంకా పోలేదు. యాంటెన్నా దిక్కు ఒక్క డయోడ్ కూడా పోలేదు. అంటే నేను పీకిన దారిల ఏం రాలేదు, పీకని దారిల వచ్చింది.

ఎట్లొచ్చిందో అర్థం కావడానికి నాకు రెండు మూడు రోజులు పట్టింది. రిగ్గు ఎనక స్క్రూకు ఒక ఎర్త్ వైరు ఉండె, అది గోడ పొంటి పది మీటర్లు దిగి కాంపౌండ్ మూలల నేను సొంతంగ దిగ్గొట్టిన రాడ్డుకు పోతది. కంప్యూటర్ ప్లగ్గుకు ఉన్న ఎర్త్ ఏమో ఇంటి ఎర్త్, దాని గుంత మీటర్ బోర్డు కాడ, ఇంటికి అవతలి వైపు. పిడుగు భూమిల దిగినప్పుడు ఆ జాగల భూమి వోల్టేజే లేస్తది, దూరం పోయిన కొద్దీ తగ్గుతది, కాబట్టి నా రాడ్డు కాడ ఒక వోల్టేజీ, ఇంటి గుంత కాడ ఇంకో వోల్టేజీ, నడుమ తేడా వేలల్ల. ఆ తేడా సమం కావాలంటే దారి కావాలె కదా, నా రాడ్డు నుంచి వైరు ఎక్కి రిగ్గు చాసిస్, ఆడికెల్లి యూఎస్‌బీ కేబుల్, కంప్యూటర్, కొంత ప్లగ్గు ద్వారా ఇంటి ఎర్తుకు, కొంత లాన్ కేబుల్ పట్టుకుని రూటర్‌కు. ఆ దారి నేనే ఏసి పెట్టిన. "రేడియోకు వేరే సొంత ఎర్త్ ఉండాలె" అని ఎవరన్న చెప్తే జర ఆగుండ్రి, సొంత రాడ్డు ఉండొచ్చు కానీ అది ఇంటి ఎర్తుతోని లావు తీగతో కలిసి ఉండాలె, కలవకపోతే రాడ్డు లేకపోవుడే నయం.

ఆ పది మీటర్ల వైరు గురించి ఇంకో లెక్క చెప్త. మామూలు పిడుగుల కరెంటు 30,000 ఆంపియర్ల దాకా పోతది, అది కొన్ని మైక్రోసెకన్లలనే లేస్తది. మామూలు తీగకు మీటరుకు సుమారు 1 మైక్రోహెన్రీ ఇండక్టెన్స్ ఉంటది. కరెంటు మైక్రోసెకనుకు 10,000 ఆంపియర్ల లెక్కన లేస్తే ఆ తీగల ప్రతి మీటరుకు 10,000 వోల్టులు నిలబడ్తయి. పది మీటర్లకు లక్ష వోల్టులు. తీగ ఎంత లావున్నా ఈ లెక్క పెద్దగ మారదు, రెసిస్టెన్స్ తోని పనే లేదిక్కడ, పొడుగుతోనే పని. పొడుగు తగ్గియ్యాలె, గుండ్రటి తీగ బదులు పట్టీ వాడాలె, మూలల దగ్గర టక్కున తొంభై డిగ్రీలు వంచకుండ వంపు తీసుకోవాలె. అందుకే మేడ మీది రిగ్గు నుంచి కిందికి ఎర్త్ వైరు గుంజినా పిడుగు ఇషయంల అది పేరుకే ఎర్త్.

ఇప్పుడు తమాషా సూడుండ్రి. అదే వైరు నాకు ఇంకో బాధ కూడా పెట్టింది, కానీ అది పిడుగుతోని సంబంధం లేనిది అనుకున్న అన్ని రోజులు. 7 మెగాహెర్ట్జ్ మీద 100 వాట్లతో మాట్లాడితే మైకు పెదవికి తగిలినప్పుడు మీసం కాడ చురుక్కుమనేది. పైనున్న బీఎల్‌డీసీ ఫ్యాన్ మైకు నొక్కంగనే ఆగిపోయేది. బతుకమ్మ పండుగకు పక్కింటోళ్లు సౌండ్ బాక్స్ పెడితే పాట నడుమ నా గొంతు బాతు అరిచినట్టు వస్తుందని వాళ్ల పిలగాడు వచ్చి చెప్పిండు, నవ్వుకుంట చెప్పిండు గాని నాకైతే తల కొట్టేసినట్టైంది. 7 మెగాహెర్ట్జ్ అంటే తరంగం పొడుగు 40 మీటర్లు పైచిలుకు, పావు తరంగం పది మీటర్లు. నా ఎర్త్ వైరు పది మీటర్లు. పావు తరంగం తీగ కింది కొస భూమిల ఉంటే పై కొస కాడ ఆర్ఎఫ్ (రేడియో తరంగాల కరెంటు) వోల్టేజీ ఎక్కువుంటది, ఎర్త్ అనుకున్నది యాంటెన్నా లెక్క పనిచేస్తది. పిడుగుకు పనికి రాని వైరే ఆర్ఎఫ్‌కు కూడా పనికి రాలేదన్నట్టు.

ఇక కోయాక్స్ సంగతి. కోయాక్స్‌ల రెండు తీగలే అనుకుంటం, నడిమి తీగ, పైన జాలీ. ఆర్ఎఫ్ మాత్రం లోహం పై పొరలనే పారుతది, లోపలికి పోదు, కాబట్టి జాలీ లోపలి ముఖం ఒక తీగ, జాలీ బయటి ముఖం ఇంకో తీగ, మొత్తం మూడు. పంపే పవర్ అంతా నడిమి తీగకు, జాలీ లోపలి ముఖానికి మధ్యన పోతది, అది బయటికి కనబడదు. యాంటెన్నా (డైపోల్, అంటే రెండు కాళ్ల తీగ) కాడికి పోయినంక ఒక కాలు నడిమి తీగకు, ఇంకో కాలు జాలీకి కలుపుతం, జాలీ కొసల లోపలి ముఖం నుంచి వచ్చిన కరెంటుకు రెండు దారులు కనబడ్తయి, ఒకటి డైపోల్ కాలు, రెండోది జాలీ బయటి ముఖం మీదికెల్లి ఎనుకకు మీ రూముకే. ఏ దారి సులువైతే అటు అంత పోతది. అట్ల ఎనుకకు వచ్చినది కోయాక్స్ పొడుగునా రేడియేట్ అయితది, రిగ్గు మీదికి, మైకు మీదికి, ఫ్యాన్ మీదికి వస్తది. రిసీవ్ చేసేటప్పుడు ఉల్టా, ఇంట్ల ఎల్‌ఈడీ బల్బులు, చార్జర్లు, ఇన్వర్టర్ చేసే గరగర అంతా ఆ బయటి ముఖం పట్టుకుని పైకి పోయి యాంటెన్నా కాడ లోపలికి దూరి మళ్ల రిసీవర్‌కే వస్తది.

పిడుగు కూడా గదే బయటి ముఖం మీదికెల్లే వస్తది. అందుకే నేను ఈ రెండు పనులు వేరు వేరుగ చెప్తలేను. ఆ మూడో తీగను ఇంట్లకు రాకుండ ఆపుడే పని, పిడుగునైతే నేల కాడ ఆపాలె, ఆర్ఎఫ్‌నైతే యాంటెన్నా కాడనే ఆపాలె.

ముందు నేల కాడి పని. మేడ మీద రూమున్నోళ్లు కోయాక్స్‌ను స్లాబ్ నుంచి సక్కగ కిటికీలకు తెస్తరు, నేను కూడా గట్లనే తెచ్చిన. ఇప్పుడు ఏం చేసిన అంటే కోయాక్స్‌ను స్లాబ్ మీదికెల్లి గోడ పొంటి పూర్తిగ కిందికి దించిన, ఎర్త్ గుంతకు అడుగు దూరంల గోడకు ఒక అల్యూమినియం ప్లేటు కొట్టిన, దాని మీద రెండు వైపులా సాకెట్ ఉన్న పీఎల్ టైపు కనెక్టర్ బిగించిన, ఆడికెల్లి మళ్ల వేరే కోయాక్స్ పైకి రూములోకి పోతది. చూసినోళ్లు అందరూ "గిదేం పిచ్చి, కిందికి దించి మళ్ల ఎక్కిస్తవా" అంటరు. కానీ జాలీ నేల కాడ, అడుగు పట్టీతో భూమికి కలుస్తది, వచ్చిన దాంట్ల ఎక్కువ భాగం అక్కన్నే దిగిపోతది, పైకి ఎక్కే మొగ్గు తక్కువ. ఏడెనిమిది మీటర్ల కేబుల్ ఎక్కువైతది, 7 మెగాహెర్ట్జ్ మీద దాని నష్టం లెక్కలోకి రాదు. 144 మెగాహెర్ట్జ్ యాంటెన్నాకైతే ఆర్‌జీ 58 (సన్న కోయాక్స్) వాడకుండ్రి, అంత దూరానికి ఒక డీబీ (పవర్‌ల సుమారు ఐదో వంతు) పైననే తింటది, లావు కేబుల్ ఎయ్యుండ్రి.

ప్లేటు మీద వానపడకుండ చిన్న ప్లాస్టిక్ డబ్బా మూత పెట్టుండ్రి. బయట ఉండే ప్రతి కనెక్టర్‌కు సాగే రబ్బరు టేపు చుట్టి మీద మామూలు ఇన్సులేషన్ టేపు చుట్టాలె, లేకుంటే ఒక్క వానాకాలంల నీళ్లు జాలీలకు దిగి రాగి నల్లగ అయితది.

ప్లేటు మీద అరెస్టర్ (వోల్టేజీ ఎక్కువైతే భూమికి మళ్లించే ముక్క) పెట్టేటోళ్లు దాంట్ల గ్యాస్ ట్యూబ్ ఎన్ని వోల్టులదో చూసి కొనుండ్రి. 100 వాట్లు 50 ఓమ్‌ల మీద పోతే పీక్ వోల్టేజీ సరిగ్గ 100 వోల్టులు, ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా కాడికెల్లి పవర్ ఎంత ఎనుకకు వస్తుందో చెప్పే అంకె) 3 ఉంటే కొన్ని జాగల్ల 150 దాకా లేస్తది. 90 వోల్టుల ట్యూబ్ పెడితే మీరు మైకు నొక్కినప్పుడల్లా అదే అంటుకుంటది. 230 వోల్టులది ఎస్‌డబ్ల్యూఆర్ మంచిగుంటే సరిపోతది, 350 అయితే ఇంకా నిమ్మలం. ఎర్త్ కలపని అరెస్టర్ మాత్రం ఉత్త కనెక్టరే, ఆన్‌లైన్‌ల కొని కోయాక్స్ నడుమ గాలిల ఏలాడదీసినోళ్లను చూసిన. ఇంకోటి, అరెస్టర్ పని చేసినా కూడా అది అంటుకునే లోపు కొన్ని వందల వోల్టులు లోపలికి పోతయి, కాబట్టి అరెస్టర్ ఉన్నది కదా అని ప్లగ్గు పీకుడు మానొద్దు.

ఎర్త్ గుంత గురించి జర ఎక్కువ రాస్త, మన దగ్గర అసలు కష్టం ఇక్కన్నే ఉంది. వరంగల్, హనుమకొండ అంటే గుట్టలు, బండలు. చాలా ఇండ్ల కింద రెండు అడుగుల ఎర్ర మట్టి, దాని కింద మొరం, దాని కింద బండ. పుస్తకంల ఎనిమిది అడుగుల రాడ్డు దిగ్గొట్టుమని ఉంటది, మా కాడ నాలుగు అడుగులకే ఠంగ్ అన్నది, గడ్డపార కొస వంగింది. ఎర్ర చెల్క నేల ఎండకాలంల ఎండిపోయి కరెంటును అస్సలు తీసుకోదు, సరిగ్గ పిడుగులు పడే నెలలల్ల. రేగడి నేలల ఇల్లున్నోళ్లు అదృష్టవంతులు, తేమ పట్టుకుంటది గాని ఎండకు పగుళ్లిచ్చి రాడ్డు చుట్టూ సందు పడ్తది, అది చూసుకోవాలె.

బండ తగిలితే లోతుకు పోవుడు మానేసి అడ్డంగ పోవాలె. అడుగున్నర లోతు కాలువ తవ్వి జీఐ పట్టీ, 25 బై 3 మిల్లీమీటర్లది, కాంపౌండ్ పొంటి ఎంత దూరం వీలైతే అంత దూరం పరిచి మట్టి కప్పుండ్రి. ఒకటే పొడుగు పట్టీ కన్నా ప్లేటు కాడికెల్లి రెండు మూడు దిక్కులకు పోయిన పొట్టి పట్టీలు పిడుగుకు మంచిగ పనిచేస్తయి, కారణం పైన చెప్పిన ఇండక్టెన్సే. రాడ్లు దిగే నేలైతే రాడ్డు పొడుగుకు రెండింతల దూరంల రెండోది దిగ్గొట్టాలె, పక్క పక్కన కొడితే రెండూ ఒకే మట్టిని పంచుకుంటయి, లాభం లేదు. బొగ్గు, ఉప్పు ఏసే పాత పద్ధతి పనిచేస్తది, మా ఇంటి గుంత గట్లనే ఉంది, కానీ ఉప్పు జీఐ పైపును తినేస్తది, ఐదారేండ్లకు తవ్వి చూస్తే పైపు జల్లెడ అయి ఉంటది. బెంటొనైట్ పొడి ఏస్తే ఆ బాధ తక్కువ. రాగిని జీఐని మట్టిల నేరుగ కలపొద్దు, రాగి పక్కన జీఐ తొందరగ తుప్పు పడ్తది, ఏదన్న ఒక లోహమే వాడుండ్రి, కలపక తప్పకపోతే ఆ జోడింపు మట్టి పైన, కనబడే జాగల ఉండాలె. మార్చి నుంచి వానలు పడేదాకా వారానికి రెండు బకెట్ల నీళ్లు గుంతల పోసుడు మా ఇంట్ల నా డ్యూటీ.

తర్వాత అసలు ముఖ్యమైన తీగ, ఈ ప్లేటు ఎర్తును మీటర్ బోర్డు కాడి ఇంటి ఎర్తుతోని కలిపే తీగ. ఇంటి చుట్టూ బయటికెల్లే పోవాలె, ఇంట్లకెల్లి కాదు. 16 చదరపు మిల్లీమీటర్ల రాగి గాని అదే జీఐ పట్టీ గాని. మీటర్ బోర్డు కాడ సొంతంగ చెయ్యి పెట్టకుండ్రి, ఎలక్ట్రీషియన్‌ను పిలిచి చేయించుండ్రి, అదే చేత్తోని మూడు పిన్నుల సాకెట్లల్ల ఎర్త్ నిజంగ ఉందా అని చూయించుండ్రి. పాత ఇండ్లల్ల సాకెట్‌కు మూడో బొక్క ఉంటది, ఎనక వైరే ఉండదు. న్యూట్రల్‌ను ఎర్త్ బొక్కకు కలిపి "ఎర్త్ ఉంది సార్" అన్నోళ్లు కూడా ఉన్నరు, అది పిడుగు కన్నా ప్రమాదం. స్లాబ్ మీద సోలార్ ఉన్నోళ్లకు దాని ఎర్త్ గుంతలు వేరే ఉంటయి, అవి కూడా ఈ చుట్టులనే కలవాలె, సోలార్ పెట్టినోళ్లతోని మాట్లాడి చేయించుకోండ్రి.

మెయిన్ బోర్డుల ఒక టైప్ 2 సర్జ్ ప్రొటెక్టర్ పెట్టియ్యుండ్రి. పవర్ స్ట్రిప్‌ల ఉండే స్పైక్ గార్డ్‌ల సర్జ్‌ను మింగే చిన్న ఎంఓవీ బిళ్ల ఉంటది, రెండు మూడు దెబ్బలకు బలహీనమైతది, లైటు ఎలుగుతున్నంత మాత్రాన అది బతికున్నట్టు కాదు. రూములో రిగ్గు, పవర్ సప్లై, కంప్యూటర్, రూటర్ అన్నీ ఒకే స్ట్రిప్ మీద ఉంటే మొగులు లేసినప్పుడు గోడకెల్లి ఒక్క ప్లగ్గు పీకితే అయిపోతది. లాన్ కేబుల్ మర్చిపోవద్దు, నేను మర్చిపోయిన. బ్రాడ్‌బ్యాండ్ ఫైబర్ గాజు తీగ కాబట్టి కరెంటు తేదు, కానీ కింది రూములో ఉన్న ఫైబర్ డబ్బా నుంచి పైకి వచ్చే లాన్ కేబుల్ రాగిదే, పదిహేను మీటర్ల లాన్ కేబుల్ పక్కన పడ్డ పిడుగుకు మంచి యాంటెన్నా.

పీకుడు ఎప్పుడు? మెరుపు కనబడ్డంక చప్పుడు వచ్చేదాకా సెకన్లు లెక్కవెట్టి మూడుతోని భాగిస్తే కిలోమీటర్లు. 30 సెకన్లు అంటే పది కిలోమీటర్లు, అప్పటికే మీరు దెబ్బ తగిలే దూరంల ఉన్నట్టే, ఇగ కోయాక్స్ ముట్టుకోవద్దు, స్లాబ్ మీదికి అస్సలు పోవద్దు, ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా. పుణెల ఉన్న ఐఐటీఎం వాళ్లు చేసిన దామిని యాప్ ఫోన్ల పెట్టుకుంటే 20 నుంచి 40 కిలోమీటర్ల చుట్టుపక్కల పిడుగుల సంగతి ముందే చెప్తది. నేనైతే ఇప్పుడు మాట్లాడుడు అయిపోంగనే రోజూ పీకేస్త, మొగులు ఉన్నా లేకున్నా, ఊరికి పోయినప్పుడు వచ్చే పిడుగులకు యాప్ ఏం చేస్తది. పీకిన కొసను కూడా టేబుల్ మీద రిగ్గు పక్కన పెట్టొద్దు, ప్లేటు కాడ బయటనే ఇప్పి రూములోకి పోయే ముక్కను వేరు చెయ్యాలె.

ఇంకొకటి, పిడుగు లేకున్నా ఏప్రిల్, మే గాలి దుమారానికి డైపోల్ మీద స్టాటిక్ చార్జ్ పేరుకుంటది, పీకిన ప్లగ్గుల నడిమి పిన్నుకు, జాలీకి మధ్యన టిక్ టిక్ మని నిప్పురవ్వలు దుంకుతయి. దానికి ప్లేటు కాడ నడిమి తీగకు, జాలీకి మధ్య 100 కిలో ఓమ్‌ల రెండు వాట్ల రెసిస్టర్ ఒకటి పెట్టేస్తే సరి, 100 వాట్లు పోయినప్పుడు అది తినేది వాటుల ఇరవయ్యో వంతే.

ఇగ ఆర్ఎఫ్ దిక్కు వద్దాం. జాలీ బయటి ముఖం మీదికి కరెంటు రాకుండ యాంటెన్నా నడిమిలనే అడ్డం పెట్టాలె, దాన్నే చోక్ అంటరు, 1:1 కరెంట్ బాలన్ అన్నా అదే. స్విట్జర్లాండ్ ఇంజినీర్ గ్వానెల్లా 1944ల రాసిన ఆలోచన, ఇప్పటికీ దాన్ని మించింది రాలేదు. లోపల పోయే పవర్‌కు అది కనబడదు, బయటి ముఖం మీది కరెంటుకు మాత్రం వేల ఓమ్‌ల అడ్డం.

చవకది గాలి చుట్ట. నాలుగు అంగుళాల పీవీసీ పైపు మీద ఆర్‌జీ 58 కోయాక్స్ 15 అడుగులు, 13 చుట్లు పడ్తయి, పక్క పక్కన ఒకటే వరుసల. కుప్పగ చుట్టి టేపు ఏస్తే మొదటి చుట్టు, ఆఖరి చుట్టు పక్కపక్కన పడి ఆర్ఎఫ్ అట్నుంచి అటే దుంకుతది. ఇది 7 మెగాహెర్ట్జ్ ఒక్కదానికే అనుకోండ్రి, వేరే బ్యాండ్ల మీద నమ్మకం లేదు, పైగా దాని అడ్డం ఉత్త ఇండక్టెన్స్ కాబట్టి కోయాక్స్ పొడుగు ఏదో ఒక తీరుగ ఉంటే దాన్ని కొట్టేస్తది.

మంచిది ఫెరైట్ రింగు. ఎఫ్‌టీ 240-31 అనే రింగు (240 సైజు, 31 మిక్స్, అంటే ఫెరైట్ రకం) మీద 12 నుంచి 14 చుట్లు, 3.5 నుంచి 14 మెగాహెర్ట్జ్ దాకా మంచిగ పనిచేస్తది, 14 పైన ఎక్కువ మాట్లాడేటోళ్లు 43 మిక్స్ తీసుకుని చుట్లు తగ్గించుకోవాలె. ఆర్‌జీ 58ను మరీ గట్టిగ వంచి చుట్టకుండ్రి, ఎండకు లోపలి ప్లాస్టిక్ మెత్తబడి నడిమి తీగ పక్కకు జరిగి జాలీకి తాకుతది, మన మే నెల స్లాబ్ మీద నల్ల డబ్బాల ఎంత వేడుంటదో చెయ్యి పెట్టి చూడుండ్రి. 100 వాట్ల దాకా టెఫ్లాన్ కేబుల్ ఆర్‌జీ 316 సన్నగుంటది, చుట్టుడు సులువు, వేడికి ఏం కాదు. డబ్బా తెల్లది తీసుకోండ్రి, కింద చిన్న బొక్క పెట్టుండ్రి.

రింగులు వరంగల్‌ల దొరుకుడు కష్టం, నేను హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీల తిరిగి తిరిగి తెచ్చిన, ఇప్పుడు ఆన్‌లైన్‌ల కూడా వస్తున్నయి. ఒక హెచ్చరిక, పాత కంప్యూటర్ పవర్ సప్లైలల్ల పసుపు రంగు, ఒక ముఖం తెలుపు ఉన్న రింగులు ఉంటయి, పాత సామాన్ల షాపుల ఇరవై రూపాయలకు ఇస్తరు, అవి ఇనుప పొడి రింగులు, చోక్‌కు పనికి రావు. నేను రెండు చుట్టిన, చూడ్డానికి మస్తుండె, ఒక్క లాభం లేదు.

ఏ రింగైనా నమ్మే ముందు నానోవీఎన్ఏ (యాంటెన్నాలు, చోక్‌లు కొలిచే చిన్న మీటర్) తోని చూసుకోండ్రి. చుట్టిన కేబుల్ రెండు కొసల్ల నడిమి తీగను జాలీకి కలిపేసి, ఒక కొసను మొదటి పోర్టు నడిమి పిన్నుకు, రెండో కొసను రెండో పోర్టు నడిమి పిన్నుకు పొట్టి తీగలతోని పెట్టుండ్రి. మీరు వాడే బ్యాండ్ మీద మైనస్ 30 డీబీ కాడికి పోయిందంటే అడ్డం సుమారు 3000 ఓమ్‌లు, పని అయినట్టే. మైనస్ 15 కాడ ఆగితే చుట్లు పెంచుండ్రి, చుట్లు రెండింతలైతే అడ్డం దాదాపు నాలుగింతలు అయితది, ఒక దశ దాకా. నా పసుపు రింగులు మైనస్ 10 కూడా దాటలేదు, ముందే చూసుకుంటే రెండు పూటల పని మిగులు. కేబుల్ మీద క్లిప్ చేసే చిన్న ఫెరైట్ ఒక్కటి పెట్టి లాభం లేదంటరు చూడు, దాని కారణం గదే, కేబుల్ ఒక్కసారే పోతది, ఒక్క చుట్టు లెక్క.

పెట్టే జాగ మొదట యాంటెన్నా నడిమిల. స్లాబ్ నడుమ పోల్ కట్టి రెండు కాళ్లు పిట్టగోడల దిక్కు దించే ఇన్వర్టెడ్ వీ అయితే కోయాక్స్ పోల్ పొంటి సక్కగ కిందికి రావాలె, రెండు కాళ్లకు సమానంగ. ఒక కాలు కిందికెల్లే కోయాక్స్ గుంజుకపోతే ఆ కాలు దాని మీదికి కరెంటు ఎక్కిస్తది, ఎంత మంచి చోక్ ఉన్నా దాని కిందికెల్లి మళ్ల దూరుతది. స్లాబ్ చిన్నగుండి అట్ల తప్పకపోతే రెండో చోక్ ప్లేటు కాడ పెట్టుండ్రి, రూము దిక్కు. ఎండ్ ఫెడ్ (ఒక కొస కాడ కోయాక్స్ కలిపే తీగ యాంటెన్నా) వాడేటోళ్లు ట్రాన్స్‌ఫార్మర్ కాడనే చోక్ పెట్టొద్దు, దానికి తిరుగు కరెంటు కోసం జర జాలీ కావాలె, ట్రాన్స్‌ఫార్మర్‌కు రెండు మీటర్ల అవతల కోయాక్స్‌ల పెట్టుండ్రి. వీహెచ్ఎఫ్ (144 మెగాహెర్ట్జ్ లాంటివి) జే పోల్ యాంటెన్నాకైతే యాంటెన్నా కింద నాలుగైదు చుట్లు చాలు.

ఫలితం చూసేటందుకు కొలిచే డబ్బా ఇంట్లనే అయితది. క్లిప్ ఫెరైట్ పెద్దది ఒకటి తీసుకుని దాని మీద సన్న తీగ పది చుట్లు, కొసల మధ్య 51 ఓమ్‌ల రెసిస్టర్, ఆడికెల్లి ఒక షాట్‌కీ డయోడ్, 103 కెపాసిటర్, 10 కిలో ఓమ్‌ల పాట్, పాత టేప్ రికార్డర్ వీయూ మీటర్. కోయాక్స్ మీద క్లిప్ చేస్తే లోపలి కరెంట్లు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటయి, బయటి ముఖం మీదిది ఒక్కటే కనబడ్తది. ఐదు వాట్లు పెట్టి కోయాక్స్ పొడుగునా జరుపుకుంట చూడుండ్రి, ఒక్క జాగల చూసి సున్నా ఉందని మురువొద్దు, అడుగడుగుకు ఎత్తు పల్లాలు ఉంటయి. మీటర్ లేనోళ్లు కోయాక్స్ మీద చెయ్యి పెట్టి జరిపినప్పుడు ఎస్‌డబ్ల్యూఆర్ ముల్లు కదిలితే చోక్ సరిపోలేదని అర్థం చేసుకోవచ్చు.

ఫెరైట్ చోక్ పిడుగును ఆపుతదా అని ఒకాయన అడిగిండు. లక్ష వోల్టుల ముందు అదెంత, పక్కకెల్లి దుంకుతది. నేరుగ పోల్ మీద పడ్డ పిడుగుకు ఈ రాసినదేది పూర్తి రక్షణ కాదు, ఇదంతా పక్కన, దగ్గర్ల పడేవాటికి, నష్టాలు ఎక్కువ అట్లనే అయితయి.

నా కాడ ప్లేటు, చోక్‌లు పెట్టి, మేడ మీదికెల్లి వచ్చే ఆ పది మీటర్ల వైరు పీకి పారేసినంక 40 మీటర్ల మీద గరగర రిగ్గు సిగ్నల్ మీటర్‌ల ఎస్ 7 నుంచి ఎస్ 4కు దిగింది. మైకు చురుక్కు పోయింది. పక్కింటి పిలగాడు మళ్ల రాలేదు, నేనే పోయి అడిగిన, ఇప్పుడు వస్తలేదంట. ఫ్యాన్ మాత్రం 21 మెగాహెర్ట్జ్ మీద నొక్కితే ఇంకా ఆగుతుంది, దాని వైరు మీద 43 మిక్స్ రింగు చుట్టాలె, నిచ్చెన పట్టుకునేటోళ్లు దొరకాలె.